అన్నం ఆర్పిన నిప్పు

అనగనగా, దుప్పట్లు కూడా దుప్పట్లు కప్పుకోవాలనుకునేంత చలి వేసే ఒక కొండరాజ్యం. పేరు మంచుగిరి. దాన్ని హేమాంగదుడనే రాజు ఏలుతుండేవాడు. రాజు మంచివాడు, దయగలవాడు. ఒక్కటే చిక్కు. "నాకు రాదు" అనే మాట ఆయన నోట ఏనాడూ వెలువడలేదు.

ఒక ఏడు పుష్యమాసంలో చలి మరీ ముదిరింది. గిన్నెలో నెయ్యి రాయైపోయింది. దాసదాసీలు వణుకుతూ పనులు చేస్తుంటే చూసి రాజు మనసు కరిగింది.

"శని, ఆదివారాలు మీ అందరికీ సెలవు. మీ పిల్లాపాపలతో వెచ్చగా చలి కాచుకోండి" అన్నాడు.

రాజు మనసు మారేలోపే వాళ్ళు మూటలు సర్దుకుని కొండ దిగిపోయారు. పోతూ పోతూ వంటవాళ్ళు పొయ్యిలో నిప్పులకు నివురు కప్పి వెళ్ళారు.

రాణి ఇందుమతికి గుండెల్లో రాయి పడింది. "ప్రభూ, ఇక పనులెవరు చేస్తారు? నేను పుట్టింట్లోనూ పొయ్యి ముట్టించలేదు, ఇక్కడా ముట్టించలేదు. అత్తగారికి చలికి కాళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఆవిడకు పూటపూటా వేడి జావ పడాలి కదా!"

"రాజ్యాన్నే ఏలుతున్నాను, పొయ్యిని ఏలలేనా?" అని రాజు నవ్వాడు. "నా మిత్రుల్ని పిలుస్తాను. కబుర్లాడుకుంటూ పనులన్నీ చేసేస్తాం."

మిత్రులు వచ్చారు. ఒకరు సేనాపతి రణకేసరి. మరొకరు ఆస్థాన పండితుడు తర్కభూషణుడు. అక్కను చూసిపోదామని రాణి తమ్ముడు సుముఖుడూ వచ్చాడు. ఈ సుముఖుణ్ణి అందరూ వెర్రిబాగులవాడనేవారు. ఎందుకంటే ఏ పని చెప్పినా ముందు "నాకు రాదండీ" అనేవాడు.

"ముందు కట్టెలు కావాలి. ఎవరు కొడతారు?" అన్నాడు రాజు.

సేనాపతి మీసం దువ్వాడు. "యుద్ధంలో ఏనుగుల్ని పడగొట్టిన చెయ్యి ఇది. కట్టె ఒక లెక్కా!"

గొడ్డలి ఎత్తి పెరట్లో ఉన్న పచ్చి మొద్దు మీద ఒక్క వేటు వేశాడు. గొడ్డలి మొద్దులో దిగబడిపోయింది. లాగాడు. రాలేదు. మొద్దు మీద కాలు పెట్టి లాగాడు. తను వెనక్కి పడ్డాడు కానీ గొడ్డలి కదల్లేదు. చివరికి గొడ్డలితో సహా మొద్దును ఈడ్చుకుంటూ వంటశాలకు తెచ్చాడు.

"ఇదేమిటి?" అని అడిగింది రాణి.

"శత్రువును ప్రాణాలతో పట్టి తెచ్చాను, మహారాణీ" అన్నాడు సేనాపతి రొప్పుతూ.

తరువాత పొయ్యి రాజెయ్యాలి. పండితుడు ఉత్తరీయం సర్దుకున్నాడు. "అగ్ని గురించి నాలుగు గ్రంథాలు చదివాను. నాకు చెప్పాలా!"

పచ్చి మొద్దు కొసను నివురు కప్పిన నిప్పుల మీదికి తోసి, ఊదుగొట్టం అందుకుని ఊదడానికి బదులు గట్టిగా లోపలికి పీల్చాడు. దగ్గీ దగ్గీ ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి, గడ్డం నల్లబడింది. వంటశాలంతా పొగ కమ్మింది. మంట జాడ మాత్రం లేదు.

"పొగ ఉన్నది గనుక నిప్పు ఉన్నట్టే. ఇది తర్కం" అని అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు.

"బావగారూ, నేనేం చెయ్యను?" అన్నాడు సుముఖుడు.

"నీకేం వచ్చయ్యా?"

"ఏదీ రాదు బావగారూ. అత్తయ్యగారిని అడిగి నేర్చుకుంటాను."

అందరూ పకపకా నవ్వారు. సుముఖుడు రాజమాత మంచం దగ్గరకు వెళ్ళి కూర్చున్నాడు. ఆవిడ మూడు కంబళ్ళలోంచి ముఖం మాత్రం బయటపెట్టి, చీపురు ఎలా పట్టాలో, పొయ్యిలోకి ముందు ఏం వెయ్యాలో ఓపిగ్గా చెప్పింది. వాడు తిరిగొచ్చి పెరడు ఊడ్చాడు. మొదట ఊడ్చిన దుమ్మంతా సేనాపతి మీసాల మీద పడింది. రెండోసారికి చెయ్యి తిరిగింది. ఊడ్చినచోట దొరికిన ఎండుపుల్లలు తెచ్చి పొయ్యిలో వేసి, మెల్లగా ఊదాడు. మంట భగ్గుమంది.

"నా తర్కం చూశారా!" అన్నాడు పండితుడు.

"ఇక వంట నాది" అని రాజు ముందుకు వచ్చాడు. కుండ నిండా బియ్యం పోశాడు. పైన మిగిలిన నాలుగువేళ్ళ సందులో నీళ్ళు పోశాడు. మూత పెట్టి సింహాసనం మీద కూర్చున్నట్టు పీట మీద కూర్చున్నాడు.

కాసేపటికి మూత కదిలింది. ఇంకాసేపటికి పైకి లేచింది. దాని వెనకే అన్నం బుసబుసమంటూ లేచి వచ్చింది.

"ఆగు!" అని రాజు ఆజ్ఞాపించాడు. అన్నం ఆగలేదు.

"సేనాపతీ! తిరుగుబాటు!"

సేనాపతి డాలుతో మూతను అదిమాడు. కుండ పక్కకు ఒరిగింది. గంజీ, మెతుకులూ, నీళ్ళూ అన్నీ పొయ్యిలో పడ్డాయి. చుయ్‌మని పెద్ద చప్పుడయింది. ఆ తరువాత ఏ చప్పుడూ లేదు.

నిప్పు ఆరిపోయింది.

చెకుముకిరాయి ఎక్కడ దాచారో వంటవాళ్ళకే తెలుసు. పక్క గదిలోంచి రాజమాత పళ్ళు టకటకా కొట్టుకోవడం వినిపించింది. రాణి పరుగున వెళ్ళి ఆవిడ పాదాలు రెండు చేతుల్లోకి తీసుకుంది. అవి మంచుగడ్డల్లా ఉన్నాయి. ఇక ఎవరూ నవ్వలేదు.

"కొండ కింద ఇళ్ళలో నిప్పుంటుంది. ఎవరైనా తేవాలి" అన్నాడు రాజు నీరసంగా.

"అడుక్కోవడమా? శత్రువులకు తెలిస్తే పరువేం కావాలి?" అన్నాడు సేనాపతి.

"ఏదో యాగం తలపెట్టామని చెప్పి అడగాలి" అన్నాడు పండితుడు. అని ఊరుకున్నాడే గానీ లేవలేదు.

సుముఖుడు అప్పటికే తలపాగా చుట్టుకుని గుమ్మం దాటాడు.

కొండ కింద మొదటి ఇంట్లో ఒక ముసలమ్మ మనవలతో మంట కాచుకుంటోంది. "కోటలో నిప్పు లేదా బాబూ?" అని విస్తుపోయింది.

"ఉండేదమ్మా. అన్నం ఆర్పేసింది. మాకు వండటం రాదు" అన్నాడు సుముఖుడు.

పిల్లలు పడి పడి నవ్వారు. ముసలమ్మా నవ్వింది. నవ్వుతూనే చట్టి నిండా నిప్పులు నింపి, దారిలో ఆరకుండా బూడిద కప్పి ఇచ్చింది. ఎండుకట్టెల మోపు ఒకటి పెద్ద మనవడి నెత్తిన పెట్టి వెంట పంపింది.

ఆ నిప్పుతో పొయ్యి వెలిగింది. సుముఖుడు జావకుండ ఎక్కించబోతుంటే రాజు వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు. తల్లి మంచం దగ్గరకు వెళ్ళి నేల మీద కూర్చున్నాడు. రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. మూడోసారి మాట పైకొచ్చింది.

"అమ్మా, నాకు రాదు. నేర్పవా?"

రాజమాత కొడుకు ముఖం వంక చూసింది. "గుప్పెడు పిండికి చెంబెడు నీళ్ళు నాయనా. గరిటె ఆపకు" అంది.

రాజు గరిటె ఆపలేదు. జావ కొంచెం ఉండకట్టింది, ఉప్పు కొంచెం ఎక్కువైంది. రాజమాత గిన్నె నాకి మరీ తాగింది.

ఆదివారం సేనాపతి కూరలు తరిగాడు. పండితుడు అంట్లు తోమాడు, ఒక్క శ్లోకమూ చదవకుండా. రాణి అన్నం వార్చింది. అందరూ పొయ్యి చుట్టూ చేరి అక్కడే తిన్నారు.

సోమవారం పనివాళ్ళు వచ్చేసరికి రాజు చావడి ఊడుస్తున్నాడు. చీపురు ఇమ్మని దాసి చెయ్యి చాపింది. రాజు ఇవ్వలేదు.

"ఉండవే! ఈ మూల ఇప్పుడిప్పుడే చక్కగా వస్తోంది" అన్నాడు.

నీతి: రానిదాన్ని రాదని ఒప్పుకున్నవాడే దాన్ని నేర్చుకోగలడు.