మెత్తని ట్రిగ్గర్

ఒక తూటా పేలలేదు. ఆ ముక్క ఉస్తాద్‌కి ఎలా చెప్పాలో తోచక ఓదెలు పొద్దుటి నుంచి ఆర్మరీలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

ఆర్మరీ అంటే జిల్లా పోలీసుల తుపాకులు దాచే చోటు. వాటిని బాగుచేసే పెద్దాయన ఖైసర్ ఉస్తాద్. చేతిలో ఆకురాయి ఉందంటే ఆయన నోట్లోంచి మాట రాలదు. ఓదెలు కానిస్టేబులు. మూడేళ్ళుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు. చెయ్యి మంచిది. ఆ సంగతి వాడికీ తెలుసు, అక్కడే వచ్చింది తంటా.

పోయిన వారం ఎస్సై రజిత మేడమ్ తన పిస్టల్ పట్టుకుని వచ్చింది. "ట్రిగ్గర్ రాయిలెక్క ఉన్నదయ్యా. వేలు నొప్పి పెడుతున్నది. పోటీలు దగ్గరికొచ్చినయ్," అంది. ఉస్తాద్ సెలవులో ఉన్నాడు. ఇక మనవాడు ఆగుతాడా! లోపలి స్ప్రింగులు తీసి, వాటి బిగువు తగ్గించి పెట్టేశాడు. ట్రిగ్గర్ వెన్నపూసైంది. మేడమ్ చాందమారీలో, అంటే పోలీసులు గురి చూసి కాల్చే మైదానంలో, ముప్ఫై తూటాలు కాల్చి కప్పు కొట్టుకొచ్చింది. "నీ చేతికి బంగారు కడియం తొడగాలె ఓదెలూ!" అని అందరి ముందూ మెచ్చుకుంది.

కాకపోతే ఆ ముప్ఫైలో ఒకటి టక్కుమని ఊరుకుంది. పోటీవాళ్ళు దాని బదులు ఇంకోటి ఇచ్చారు. పేలనిదాన్ని మేడమ్ నవ్వుతూ తెచ్చి వీడి చేతిలో పెట్టింది. అప్పుడు వీడూ నవ్వాడు.

ఇవాళ నవ్వు రావడం లేదు. నాటు తుపాకులతో దాక్కున్న దొంగల్ని పట్టుకోవడానికి మేడమ్ నాలుగింటికి బయల్దేరుతోంది. ఈ పిస్టల్‌తోనే. గడియారం మూడున్నర దాటింది.

చివరికి పిస్టల్నీ ఆ తూటానీ ఉస్తాద్ ముందు పెట్టి, చేసిందంతా చెప్పేశాడు. "తూటాకు చెమ్మ పట్టి ఉంటది ఉస్తాద్," అన్నాడు.

ఉస్తాద్ తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఓదెలుకు. ఆయన కళ్ళజోడు సవరించుకుని, తూటా అడుగున పడ్డ చిన్న సొట్టను గోటితో తడిమాడు. లేచి బీరువాలోంచి అదే రకం పిస్టల్ ఇంకోటి తీశాడు. ఎవరూ వేలు పెట్టనిది. ఆ తూటానే అందులో వేసి, ఇసుక పీపాలోకి గురిపెట్టి నొక్కాడు.

ధన్‌మని పేలింది. కిటికీ రెక్కలు అదిరాయి.

"తూటా మంచిదే బేటా. ఘోడా దెబ్బే చాల్లేదు," అన్నాడు. తూటాను వెనకనుంచి కొట్టే సుత్తిని ఆయన ఘోడా అంటాడు. దానికి ఊపు ఇచ్చేది ఓదెలు బిగువు తగ్గించిన స్ప్రింగే.

ఓదెలు మొహం మాడిపోయింది. అయినా రోషం చావలేదు. "ముప్ఫైలో ఒక్కటే గద ఉస్తాద్! ఇరవై తొమ్మిది పేలినయ్. ఎంత మెత్తగున్నదో మీరే నొక్కి చూడుండ్రి."

ఉస్తాద్ నొక్కి చూడలేదు. తాను అన్నం తినే స్టీలు పళ్ళెం తుడిచి, డబ్బాలోంచి ముప్ఫై తూటాలు తీసి అందులో పోశాడు. పళ్ళేన్ని ఓదెలు ముందుకు జరిపాడు.

"ఆ ఒక్కటి ఏరి పక్కన పెట్టు. తక్కినయ్ మేడమ్‌కిద్దాం."

ఓదెలు చెయ్యి చాపాడు. అన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకుని వదిలేశాడు. ఇంకోదాన్ని పట్టుకున్నాడు. కప్పు గెలిచిన రోజు మేడమ్ కూతురు, యూకేజీ పిల్ల, ఆ కప్పును రెండు చేతులా కావలించుకుని స్టేషనంతా తిరిగింది. ఆ పిల్ల మొహం కళ్ళ ముందుకొచ్చింది. భయమేసింది వాడికి, చెప్పలేనంత భయం. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బయట జీపు హారన్ మోగింది. ఉస్తాద్ తలెత్తలేదు.

ఎవరూ వేలు పెట్టని ఆ పిస్టల్ తీసుకుని ఓదెలు గుమ్మంలోకి నడిచాడు. మేడమ్ అప్పటికే మెట్లెక్కి వస్తోంది.

"ఇది తీసుకపోండి మేడమ్."

ఆమె ట్రిగ్గర్ మీద వేలుపెట్టి చూసి విసుక్కుంది. "ఇది మళ్ళ రాయే గదా! నాది ఏది?"

"అది ఇయ్యను మేడమ్. నేనే చెడగొట్టిన."

"పిచ్చిలేచిందా నీకు? దాంతోనే గదయ్యా కప్పు కొట్టిన!"

ఓదెలు తల దించుకోలేదు. "ఆ రోజు మీ ఎదురుంగ ఉన్నది కాగితం బొమ్మ, మేడమ్."

ఆమె వాడి మొహంలోకి ఒక్క క్షణం చూసింది. పిస్టల్ నడుముకు పెట్టుకుని జీపెక్కింది.