ఉస్తాద్ చేతిలో గ్లాసు

ఏసోబుకు రోగం తెలిసింది, మందు వేశాడు, అయినా రోగం కుదరడం లేదు. రోగి ఒక టాక్సీ. ఏసీ వేస్తే మొహాన వేడిగాలి కొడుతోంది.

మాచర్లలో రోహిణి కార్తె ఎండ. టాక్సీ అంకారావుది. అతని కూతురికి ఆసుపత్రిలో నెలలు నిండకుండానే కానుపైంది. తల్లినీ బిడ్డనూ ఇవాళ మధ్యాహ్నం ఇంటికి పంపిస్తున్నారు. ఊరు దూరం. పసిదానికి ఎండవేడి తగలకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట.

"నువ్వెళ్ళు బాబాయ్, నువ్వొచ్చేసరికి బండి చల్లగా ఉంటది" అని మాటిచ్చింది ఏసోబే. ఉస్తాద్‌ను అడగను కూడా లేదు.

రోగం పట్టుకోవడంలో అతను పొరబడలేదు. గ్యాసుంది, కంప్రెసర్ తిరుగుతోంది, గొట్టం ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోంది. డాష్‌బోర్డు వెనక గాలిని చల్లటి దారికో వేడి దారికో మళ్ళించే రెక్క ఒకటుంటుంది. దాన్ని తిప్పే బుల్లి మోటారు చచ్చిపోయింది. కొత్తది వేసి, బ్యాటరీ కలిపి, తాళం తిప్పాడు. లోపల జర్రుమని చప్పుడైంది. హమ్మయ్య అనుకుని వెంటనే నాబ్ తిప్పి చూశాడు. చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ వేడిగాలే.

నాబ్ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, కనబడ్డ బటనల్లా నొక్కాడు. మోటారే డూప్లికేటేమోనని డాష్‌బోర్డు మళ్ళీ విప్పి ఇంకొకటి వేశాడు. అదీ జర్రుమంది. అతని వేలు మళ్ళీ నాబ్ మీదికే పోయింది. గాలి మాత్రం మారలేదు.

షెడ్డు గుమ్మంలో స్టూలు మీద ఉస్తాద్ కాశిం సాహెబు నిమ్మకు నీరెత్తినట్టు కూచుని చూస్తున్నాడు. ఏసోబు ఆయన దగ్గర పనికి చేరి ఏళ్ళయింది. ఇదిలా చెయ్యరా అని ఆయన చెప్పిన పాపాన పోలేదు. ఎప్పుడు చూసినా రెండు చేతుల మధ్య టీ గ్లాసు. టీ అయిపోయినా దాన్ని కింద పెట్టడు. ఆ ఖాళీ గ్లాసును చూస్తే ఏసోబుకు ఒళ్ళు మండుతుంది. పక్క షెడ్లలో ఉస్తాదులు చెయ్యి పట్టుకుని నేర్పుతారు, తిట్టి అయినా నేర్పుతారు. ఈయనకు తన మీద నమ్మకం లేదో, విద్య దాచుకుంటున్నాడో తెలియదు.

ఫోన్ మోగింది. "డిశ్చార్జి రాశారయ్యా, ఆటోలో వచ్చేస్తన్నాం" అన్నాడు అంకారావు.

ఏసోబు కాలుగాలిన పిల్లిలా కారు చుట్టూ తిరిగాడు. చివరికి సిగ్గు చంపుకుని ఉస్తాద్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నా వల్ల కాలేదు ఉస్తాద్. ఏం చెయ్యమంటారో చెప్పండి."

"బ్యాటరీ తీసి మళ్ళీ పెట్టు. పెట్టి, ఎక్కి కూచో."

కూచున్నాడు. కాశిం సాహెబు ఎదురు కొట్టునుంచి రెండు టీలు తెప్పించాడు, అంచుదాకా నింపించి. కిటికీలోంచి అతని రెండు చేతులకూ చెరొకటి ఇచ్చాడు.

"ఇప్పుడు టీ ఏంది ఉస్తాద్? అవతల వాళ్ళు వచ్చేస్తంటే."

"పట్టుకో. చుక్క కింద పడకూడదు. బాలింత కూచునే బండి."

తానే చెయ్యి లోపలికి పెట్టి తాళం తిప్పాడు.

జర్రుమంది. ఏసోబు వేలు నాబ్ మీదికి ఎగరబోయింది. టీ తొణికి బొటనవేలు చుర్రుమంది. ఆగాడు. చప్పుడు ఒక కొసదాకా సాగి టక్కుమని నిలిచింది.

"ఆగిపోయింది ఉస్తాద్."

వేళ్ళు కాలుతున్నాయి, రోడ్డు మీద ఏ ఆటో చప్పుడైనా తల అటే తిరుగుతోంది. అంతలో లోపల రెక్క మళ్ళీ కదిలింది, ఈసారి రెండోవైపుకి. అక్కడా టక్కుమంది. ఆ రెండో టక్కు అతను పొద్దుటినుంచి వినలేదు. రెండు కొసలూ తడిమి చూసుకున్నాక రెక్క దాని చోట అది సర్దుకుంది. తను నాబ్ ముట్టుకున్నప్పుడల్లా ఆ వెతుకులాట మధ్యలోనే ఆగిపోయేదన్నమాట. మొహానికి గాలి తగిలింది. ముందు గోరువెచ్చగా, తర్వాత చల్లగా.

ఆటో వచ్చింది. అంకారావు కూతురు బిడ్డను గుండెకు అదుముకుని కారెక్కింది. కాసేపటికి పసిదాని మొహం మీది గుడ్డ కాస్త పక్కకు తీసింది. కారు వెళ్ళిపోయింది.

ఏసోబు గ్లాసులతో అక్కడే నిలబడ్డాడు. ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి.

"పొద్దున్నే ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది గదా ఉస్తాద్. ఇన్నేళ్ళూ ఏదీ చెప్పలేదు మీరు."

కాశిం సాహెబు ఒక గ్లాసు అందుకుని, చల్లారిన టీ తాగేశాడు. ఖాళీ గ్లాసును ఎప్పటిలాగే రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు.

"నువ్వు డాష్‌బోర్డు విప్పినప్పుడల్లా నా చేతులు ఊరుకున్నాయంటావా?" అన్నాడు. "ఈ గ్లాసెందుకనుకున్నావురా?"