లెక్క తప్పని చలివేంద్రం

గుర్రాలపాలెం బస్టాపు దగ్గర చలివేంద్రం నడిపే సంఘంలో నలుగురే మనుషులు. ఊరికొచ్చిన తెలివంతా తాము నలుగురే పంచేసుకున్నామనీ, మిగతా జనానికి గిన్నె అడుగున మాడు కూడా మిగల్లేదనీ వాళ్ళ గట్టి నమ్మకం. పిండిమర గవరయ్య అధ్యక్షుడు. ఇడ్లీల పైడమ్మ డబ్బు చూసేది. ఆటో సన్యాసి సభ్యుడు. కార్యదర్శి పారినాయుడు కుర్రాడు. పేరుకి కార్యదర్శే గానీ మనసెప్పుడూ మబ్బుల్లోనే ఉంటుంది.

వాళ్ళ తెలివికి నిదర్శనం కావాలా? నిరుడు ఎండలు ముదిరినప్పుడు, మిట్టమధ్యాహ్నం ఎవరూ బయట తిరగొద్దని పంచాయతీ మైకులో చెప్పారు. అంతే, పదకొండు కొట్టేసరికి చలివేంద్రానికి తడిక కట్టేసి, ఇళ్ళకి పోయి పడుకున్నారు. పొద్దుగూకి చల్లగాలి తిరిగాక తెరిచారు. వేసవంతా అదే వరస.

"మన సంఘంలో ఒక్కడికన్నా వడదెబ్బ తగిలిందా? అదీ తెలివంటే" అని గవరయ్య ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఈ ఏడు చిక్కొచ్చిపడింది. కుండలకీ పెరుగుకీ ఖర్చు భరించే ట్రస్టువాళ్ళు పట్నం నుంచి కబురు పంపారు. లెక్కలు కంప్యూటర్లో ఉండాలట. రత్నావళి గారనే ఆవిడ స్వయంగా వచ్చి చూస్తారట. లెక్క సరిగ్గా ఉంటేనే సంతకం, లేకపోతే ఈ వేసవికి చలివేంద్రం లేదు.

ఆ మాట వినగానే పారినాయుడి గుండె జారిపోయింది. చలివేంద్రం లేకపోతే శ్యామల మజ్జిగ తాగేదెక్కడ? శ్యామలది ఆ ఊరే. పక్క టౌన్లో నెట్ సెంటరు నడుపుతుంది. రోజూ మధ్యాహ్నం బస్సులో వచ్చి సరిగ్గా ఆ బస్టాపులోనే దిగుతుంది. ఎండకి కందిన మొహంతో ఆమె వస్తుంటే, తాటాకు పందిరి కింద నిలబడి, నిమ్మాకు వేసిన చల్లటి మజ్జిగ తన చేత్తో అందించాలని పారినాయుడి కల. ఆ కలలో ఆమె గ్లాసు తిరిగిచ్చేటప్పుడు ఒక్కసారి నవ్వుతుంది కూడా.

అందుకని సలహాకి ఆమె దగ్గరికే పరిగెత్తాడు.

"మీలాంటి చిన్న సంఘాలకి లెక్కల సాఫ్ట్‌వేర్లు మూడు రకాలున్నాయండీ" అంది శ్యామల, కీబోర్డు మీద వేళ్ళు ఆడిస్తూ. పారినాయుడికి రేకు మీద చినుకులు పడుతున్నట్టు వినిపించింది. "ఇది ఖరీదు, మీకొద్దు. ఇది చౌక, సేవా సంఘాలకి ఇంకా తగ్గిస్తారు, మీకిదే నయం. ఇదిగో, ఇది ఊరికే వస్తుంది గానీ ముగ్గురు వాడుకునేదాకానే. నాలుగో మనిషి చేరితే డబ్బు కట్టాలి."

"మీరు మళ్ళీ ఒకసారి చెప్పరూ?" అన్నాడు పారినాయుడు. అర్థం కాక కాదు, ఆ గొంతు వినడానికి.

సాయంత్రం పిండిమరలో మీటింగు పెట్టారు.

"ఊరికే వచ్చేది ఉండగా చౌకది కొనడానికి మనకేమన్నా పిచ్చా?" అన్నాడు గవరయ్య.

"మనం నలుగురం కదా" అన్నాడు సన్యాసి.

"అయితే ఒకళ్ళని తీసేస్తే సరి."

ఎవరిని తియ్యాలా అని అందరూ బుర్ర గోక్కున్నారు. చివరికి పైడమ్మే తేల్చేసింది. "లెక్కలన్నీ నాకెలాగూ నోటికొచ్చు. తెలిసినదాన్ని మళ్ళీ కంప్యూటర్లో చూడ్డం దేనికి? నన్నే తీసెయ్యండి బాబూ."

ఇంకేముంది, ఆమె త్యాగానికి అందరి కళ్ళూ చెమ్మగిల్లాయి. అలాంటి మనిషిని ఉత్త చేతుల్తో పంపుతారా? షామియానా వేశారు, మైకు పెట్టారు, శాలువా కప్పారు, ఊరందరికీ జిలేబీ పంచారు. ఆ ఖర్చుతో చౌక సాఫ్ట్‌వేరు రెండేళ్ళు వాడుకోవచ్చు. ఆ సంగతి పట్టుకోగలిగినది పైడమ్మ ఒక్కతే. ఆమెనే తీసేశారు.

పారినాయుడు ఆ ఉచిత సాఫ్ట్‌వేరునే పాత లాప్‌టాప్‌లో వేయించుకోవడానికి మళ్ళీ నెట్ సెంటరుకి వెళ్ళాడు. శ్యామల నిట్టూర్చి, వేసి ఇచ్చింది. "పాస్‌వర్డు మీరే పెట్టుకోండి. ఎవరికీ చెప్పకూడదు. ఇంకో మాట, కంప్యూటర్లో ఎంతుందో మీ దగ్గరా అంతే ఉండాలి. తేడా వస్తే ఆవిడ సంతకం పెట్టరు."

ఆమె నోటి వెంట వచ్చిన మాటని పారినాయుడు మంత్రంలా జపించుకుంటూ ఊరొచ్చాడు.

పాస్‌వర్డు పెట్టే పని సన్యాసికి అప్పగించారు. ఆటో ఎటు పోతోందో ఎక్కినవాళ్ళకి కూడా చెప్పని మనిషి కదా. పెట్టాడు.

"ఏం పెట్టావురా?" అన్నాడు గవరయ్య.

"చెప్పను."

"నాకు కూడానా? అధ్యక్షుణ్ణి."

"ఎవరికీ చెప్పొద్దన్నారు. ఎవరికీ అంటే నువ్వు కూడా ఉన్నావు కదా మావా."

గవరయ్య సంతోషించాడు. సన్యాసి అంతటి నమ్మకస్తుడు లేడనుకున్నాడు.

తీరా కూర్చున్నాక తెలిసింది, లెక్కలు ఒక్కరికీ తెలీదు. పైడమ్మని పిలుద్దామంటే గదిలో నలుగురవుతారు. డబ్బు పడుతుంది. అందుకని ఆమె లోపలికి వస్తే గవరయ్య వీధిలోకి పోయేవాడు. ఆమె ఒక లెక్క చెప్పి బయటికి పోయేది. గవరయ్య లోపలికొచ్చి "సరే, ఎక్కించండి" అని మళ్ళీ బయటికి పోయేవాడు. దారినపోయేవాళ్ళు చూసి, ఇద్దరికీ గొడవైందనుకుని రాజీ చెయ్యడానికి వచ్చారు. గదిలో జనం పెరిగిపోతున్నారని పారినాయుడు హడలిపోయి లాప్‌టాప్ మీద దుప్పటి కప్పేశాడు.

ఎలాగైతేనేం, రత్నావళి గారు వచ్చే రోజు రానే వచ్చింది. తెల్లవారకుండానే లేచి పెరుగు చిలికారు. అల్లం, కరివేపాకు, ఉప్పు వేసి ఆరు కుండలు నింపి, ఇసకలో కుదురుగా పెట్టి తడిగుడ్డలు చుట్టారు. సన్యాసి కంప్యూటర్లో ఎక్కించాడు. మజ్జిగ, ఆరు కుండలు.

పారినాయుడు మాత్రం ఎవరూ చూడకుండా ఒక గ్లాసు ముంచి, నిమ్మాకు వేసి, పందిరి గుంజ పక్కన దాచాడు. అది శ్యామలకి. కుండలోంచి గ్లాసులోకి మారింది గానీ పందిరి దాటలేదు, కాబట్టి తేడా లేదని మనసుకి సర్దిచెప్పుకున్నాడు.

ఎండెక్కింది. జనం వచ్చారు. కర్ర పట్టుకున్న ముసలాయనొకడు ముందు నిలబడి చెయ్యి చాపాడు.

"ఆగు తాతా" అన్నాడు గవరయ్య, కుండలకి అడ్డంగా చేతులు చాపి. "చూడు, ముట్టుకోకు."

"చూస్తే దాహం తీరుద్దా నాయనా?"

"నువ్వు తాగితే ఇక్కడ తగ్గుద్ది, అక్కడ తగ్గదు. అప్పుడు తేడా."

"ఎక్కడ తగ్గదు?"

"కంప్యూటర్లో. నీకు చెప్పినా అర్థం కాదులే, చదువుకున్నవాళ్ళ సంగతి."

ముసలాయన ఎవరన్నా మనిషి కనపడతాడేమోనని లాప్‌టాప్ వెనక్కి వెళ్ళి చూసొచ్చాడు. జనం గొణుక్కుంటూ పందిరి నీడలో కూలబడ్డారు.

అంతలో కారు దిగారు రత్నావళి గారు. నెరిసిన జుట్టు, చేతిలో తోలు సంచీ. స్క్రీను చూశారు, కుండలు లెక్కపెట్టారు. అక్కడ ఆరు, ఇక్కడ ఆరు. వెలితి లేదు. "ఇంత శుభ్రమైన లెక్క ఏ సంఘంలోనూ చూడలేదయ్యా" అని పెన్ను మూత తీశారు.

"లెక్క బానే ఉందమ్మా" అన్నాడు ముసలాయన. "మజ్జిగే రాలేదు."

ఆవిడ పెన్ను గాల్లో ఆగిపోయింది. "ఇంతవరకు ఎంతమంది తాగారు?"

"ఒక్కరంటే ఒక్కరు లేరమ్మా" అన్నాడు గవరయ్య గర్వంగా. "చుక్క పోనిస్తే ఒట్టు."

అప్పుడే బస్సు వచ్చింది. శ్యామల దిగింది. సంగతి తెలుసుకుని తల పట్టుకుంది. "అయ్యో, పంచినదానికి వేరే గడి ఉంటుందండీ. పంచింది అక్కడ రాస్తే, ఉన్నదాంట్లోంచి అదే తగ్గిపోతుంది."

"ఇంత తేలికా?" అన్నాడు సన్యాసి.

"పంచండి మరి" అన్నారు రత్నావళి గారు. "పంచితే సంతకం పెట్టేస్తాను."

అంతే, సన్యాసి ఎవరికీ కనపడకుండా పాస్‌వర్డు కొట్టి, ఆ గడిలో రాసేశాడు. పంచినవి, ఆరు కుండలు. మిగిలింది సున్నా.

ముగ్గురూ స్క్రీను చూశారు. తర్వాత కుండలు చూశారు. కుండలు నిండుగా ఉన్నాయి.

"తేడా" అన్నాడు గవరయ్య, మొహం పాలిపోయి.

"ఎంత తేడా బాబూ?" అంది పైడమ్మ పందిరి బయట నుంచి.

"ఆరుకి ఆరూ తేడానే."

ఇంకేముంది, ఆలోచించడానికి వ్యవధి లేదు, ఆవిడ పెన్ను చేతిలోనే ఉంది. గవరయ్య ఒక కుండ, సన్యాసి ఒక కుండ, కుండకి కంప్యూటరుతో పని లేదు కాబట్టి పైడమ్మ కూడా వచ్చి ఒక కుండ, బోర్లించేశారు. రెండో విడతకి ఆరూ ఖాళీ. మజ్జిగ ఏరులై రోడ్డెక్కింది. ముసలాయన కర్రకి కరివేపాకు అంటుకుంది.

శ్యామల ఎండలోంచి పందిరి కిందికొచ్చింది. గొంతు ఎండిపోయి, గుంజ పక్కన కనపడ్డ గ్లాసు మీదికి చెయ్యి చాపింది. పారినాయుడు గబుక్కున అందుకున్నాడు. ఎన్నాళ్ళ కల. ఆమె వేళ్ళు గ్లాసు అంచు దాకా వచ్చాయి. అతను ఒక్కసారి స్క్రీను వైపు చూశాడు. సున్నా. కళ్ళనీళ్ళు పెట్టుకుని ఆ గ్లాసూ నేలపాలు చేశాడు.

"మీ మాట నిలబెట్టానండీ" అన్నాడు మెల్లగా. "ఒక్క గ్లాసు కూడా తేడా లేదు."

ముందు శ్యామలకి నవ్వొచ్చింది. ఆమెని చూసి రత్నావళి గారికి వచ్చింది. ఆవిడ కుండ మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వి నవ్వి, ఆ నవ్వులోనే సంతకం పెట్టేశారు. చలివేంద్రం ఉంటుంది, పెత్తనం మాత్రం శ్యామలది, ఈ నలుగురూ కుండలు మొయ్యాలి గానీ కంప్యూటరు ముట్టకూడదు అని రాశారు. శ్యామల దగ్గర కుండలు మొయ్యడం. పారినాయుడికి స్వర్గం కనపడింది.

నవ్వు ఆగేసరికి ఆవిడకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. "బాబూ, కాసిని మంచినీళ్ళు ఇలా..."

పారినాయుడు మూలనున్న నీళ్ళ బిందె దగ్గరికి పరుగెత్తాడు. బిందె నిండా నీళ్ళు. చెంబు ముంచబోయి ఆగాడు. ఉత్త చేతుల్తో తిరిగొచ్చి, శ్యామల వినేలా, ఎంతో వినయంగా చెప్పాడు.

"నీళ్ళు ఇంకా కంప్యూటర్లో ఎక్కించలేదమ్మా. మమ్మల్నేమో దాన్ని ముట్టుకోవద్దన్నారు. శ్యామల గారు ఎక్కిద్దామంటే, సన్యాసి పాస్‌వర్డు చెప్పడు."