నూకాలు దాచిన మాట

అనగనగా ఒక మోదుగడవిలో, చెదలు వదిలేసి పోయిన పుట్టలో, నల్లచీమల ఊరొకటి ఉండేది పిల్లలూ. ఆ ఊళ్లో కరిచే చీమలు వేలకు వేలు. కానీ పిలుపు అందనిదే అవి కదలవు. పిలిచే పని ఏడు చీమలది. శత్రువు కనబడితే పిలుపుచీమ పొట్టతో నేలను తడుతుంది. ఆ తట్టు విని కరిచే చీమలు లేస్తాయి.

ఆ ఏడింటిలో ఒకటి నూకాలు. గుమ్మం కాపలా దానిదే. ఎవరొచ్చినా ముందు మీసంతో మీసం తాకించి వాసన చూసేది. ఇంటి వాసన తగిలితే నోటికి నోరు అందించి ఒక చుక్క తేనె పెట్టేది. వాళ్ల ఆచారం అది. ఆ గుమ్మానికి మీసం మొదటి తలుపు గడియ. నోరు రెండో గడియ.

ఒకరోజు జెర్రి వచ్చింది. నూకాలు తట్టింది. జెర్రి పారిపోయింది. మర్నాడు సాలీడు వచ్చింది. నూకాలు మళ్లీ తట్టింది. సాలీడు రెండు కాళ్లు పోగొట్టుకుని పోయింది. మూడోనాడు ఆవగింజంత పురుగు వచ్చింది. ఎక్కడో దొరికిన ఆ ఊరి చీమ తోలు కప్పుకుని ఉంది.

"అక్కా, మీసం ఇలా ఇవ్వు. దూరం నుంచి వస్తున్నాను," అంది పురుగు.

నూకాలు మీసం తాకించింది. ఇంటి వాసనే. కానీ తోలు కింద వెచ్చదనం లేదు.

"నువ్వు ఏ గదిలో పుట్టావు?" అని అడిగింది.

"ఆకలితో వచ్చినదాన్ని ఇన్ని అడుగుతావా? ఒక్క చుక్కకే నీ కడుపు ఎండిపోతుందా?" అంది పురుగు.

ఆ మాట నూకాలుకి తగిలింది. పిసినారి అనిపించుకోవడం ఇష్టం లేక నోరు తెరిచింది. రెండో గడియ తీసినట్టయింది. పురుగు దాని దవడల మధ్యకు దూరి, పొట్ట కింద నుంచి జారి, పుట్ట లోపలికి పోయింది. వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోయింది. దుమ్ములో అడుగులు చూస్తే ఎవరో బయటికి వెళ్లినట్టే ఉంది.

నూకాలు పొట్ట ఎత్తింది. ఒక్కసారి తడితే చాలు. కానీ ఎవరు రానిచ్చారని అడుగుతారు కదా. గుమ్మం కాచేదే శత్రువుకి తేనె తినిపించిందంటే ఊరు నవ్వదా? ఎత్తిన పొట్ట దించేసింది. రేపు చెబుదాంలే అనుకుంది.

రేపు వచ్చింది, పోయింది. ఊరంతా మామూలుగానే ఉంది.

లోపల ఆ పురుగు గుడ్ల గదికి చేరింది. చీమల గుడ్ల మధ్య తన గుడ్లు పెట్టి అక్కడే చచ్చింది. దాదిచీమ కన్నమ్మకి తేడా తెలియలేదు. అన్నిటినీ ఒకేలా నాకింది, ఒకేలా మేపింది. గుడ్లలోంచి వచ్చిన పురుగులు చీమ తోళ్లే కప్పుకున్నాయి. కరిచే చీమల జోలికి పోలేదు. పిలుపుచీమలనే వెతుక్కుంటూ పోయి, "అక్కా, ఒక చుక్క," అన్నాయి. చుక్కతో పాటు సత్తువంతా పీల్చాయి. పిలుపుచీమలు ఒకదాని తర్వాత ఒకటి రాలిపోయాయి.

వయసైపోయింది పాపం, అనుకుంది ఊరు. నూకాలుకి మాత్రం తెలుసు. ఇప్పుడు చెబితే, ఇన్నాళ్లూ ఏం చేశావంటారని నోరు మెదపలేదు.

ఏడు కాస్తా రెండయ్యాయి. వానలు పట్టాయి. ఒకరోజు ఎర్రనల్లి గుంపు పుట్టలో దూరింది. మునుపైతే కరిచే చీమలు చిటికెలో ఊడ్చేసేవి. నూకాలు తట్టింది. పురుగులు పీల్చేసిన పొట్ట చప్పుడు చెయ్యలేదు, మిగిలిన రెండోదాని పొట్టా అంతే. పక్క గదిలో కరిచే చీమలు పిలుపు కోసం కూర్చునే ఉన్నాయి. కన్నమ్మ పరుగెత్తి ఒక్కొక్కదాన్నీ కుదిపి లేపేసరికి సగం గుడ్లు ఖాళీ తొక్కలయ్యాయి. కన్నమ్మ వాటి మధ్య కూర్చుని, తొక్కలను కూడా నాకుతూ ఉంది.

అది చూశాక నూకాలు ఆగలేకపోయింది. ఊరిపెద్ద పైడమ్మ దగ్గరికి వెళ్లి అంతా చెప్పింది.

"ఆ రోజే చెబితే ఒక్క పురుగు. ఎందుకు చెప్పలేదే?" అంది పైడమ్మ.

"సిగ్గేసింది పెద్దమ్మా."

పైడమ్మ, "అది మన తోలు కప్పుకుని వచ్చింది. నేనున్నా నోరు తెరిచేదాన్నే. అందుకు నిన్నేమీ అనను. కానీ సిగ్గు నీ ఒక్కదానిది. ఆ గుడ్లు ఊరందరివి," అంది.

"పుట్ట వదిలి పొమ్మంటావా?"

"పోతే తట్టేదెవరు? ఉండు."

చీమలన్నీ గుడ్ల గది వెతికాయి. కొన్ని పురుగు గుడ్లు దొరికాయి. ఏది ఎవరిదో తేలనివి అలాగే మిగిలాయి. అప్పుడు పైడమ్మ వేప బంక తెప్పించింది. పిలుపుచీమలు రోజూ పొద్దున్నే దాన్ని నోటికి రాసుకోవాలి. చేదు నోటిని ఆ పురుగులు పట్టుకోలేవు.

"గుడ్లు ఇంకా లోపలే ఉన్నాయి. ఒక్క రోజు మానినా మళ్లీ మొదలు," అంది పైడమ్మ.

నూకాలు మానలేదు. మెల్లగా పొట్టకు చప్పుడు వచ్చింది, మునుపటంత కాదు. కొత్త పిలుపుచీమలకు అదే పని నేర్పేది. మీసం, తట్టు, వేప బంక. చివర్లో, "దానికి మొదట నోరు తెరిచింది నేనే. తట్టకుండా ఊరుకున్నదీ నేనే," అని చెప్పేది.

"అందరి ముందూ చెబుతావే, సిగ్గు వెయ్యదా పిన్నీ?" అంది ఒక పిల్లచీమ.

"వేస్తుంది," అంది నూకాలు. "ఆ బంక ఇలా ఇవ్వు. పొద్దెక్కుతోంది."

నీతి: మోసపోయిన సంగతిని సిగ్గుపడి దాస్తే, ఆ దాపరికంలోనే శత్రువు కాపురం పెడుతుంది. తెలిసిన రోజే చెప్పాలి.