కొండముచ్చు నోరు తెరిచిన రోజు

ఎర్రగట్టు అడవిలో చింతచెట్ల మీద కొండముచ్చులు, చెట్ల కింద చుక్కల దుప్పులు కలిసిమెలిసి బతికేవి. పొదల్లో ఒక చిరుతపులి కూడా ఉండేది, దాన్ని రమ్మని ఎవరూ పిలవలేదు. అది కదిలిందంటే చాలు, పైకొమ్మ మీది కొండముచ్చుల నాయకుడు కేక వేసేవాడు. ఆ కేక విని దుప్పులు పరుగు తీసేవి.

నాయకుడి పేరు కోరలయ్య. పేరుకు తగ్గట్టే కోరలు ఇంత పొడుగు. నోరు తెరిచి పళ్లు చూపించడం ఆ గుంపులో నాయకుడికే చెల్లు. ఇంకెవరైనా ఆయన ముందు పళ్లు బయటపెడితే, నీ కొమ్మ దిగమని సవాలు చేసినట్టే. అందుకని మిగతావాళ్లు ఆవులింత వచ్చినా చెయ్యి అడ్డం పెట్టుకునేవారు.

ఘాట్ రోడ్డు మీద బస్సులు ఆగినప్పుడు జనం పల్లీపట్టీలు, బెల్లం మిఠాయిలు విసిరేవారు. మొదటి వాటా నాయకుడిది. రెండో వాటా కూడా ఆయనదే. కోరలయ్య అవన్నీ నమిలి, పళ్లకు అంటుకున్నది అంటుకున్నట్టే ఉంచుకుని పడుకునేవాడు. ఆకూ బెరడూ నమిలి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తు లేదు.

ఒకరోజు పై కోర జివ్వుమంది. మర్నాటికి దవడంతా పోటు. గుక్కెడు నీళ్లు తాగితే ప్రాణం పోయినంత పనయ్యేది. ఎవరికైనా చెబుదామనుకున్నాడు కానీ గంతన్న గుర్తొచ్చాడు. గంతన్న గుంపులో బలమైన పడుచువాడు, ఎప్పుడూ నాయకుడి కొమ్మ వైపే చూస్తుంటాడు. కోర పుచ్చిందని తెలిస్తే వాడు ఊరుకుంటాడా? కోరలయ్య దవడ బిగబట్టుకుని బింకంగా కూర్చున్నాడు.

చెట్టు మొదట్లో, బొరియలో, ముళ్లవ్వ అనే ముసలి ముళ్లపంది ఉండేది. అడవిలో ఎవరికి ఏ పుండు లేచినా ఆవిడే వైద్యురాలు. కోరలయ్య ఒక పక్కే నమలడం చూసి, దిగివచ్చి నోరు చూపించమని కబురు పెట్టింది. నాయకుణ్ణి నేను, నీ బొరియ ముందు నోరు తెరుచుకుని కూర్చోవాలా అని ఆయన మండిపడ్డాడు.

పదోరోజు నొప్పి చెప్పాపెట్టకుండా మాయమైంది. అదే తగ్గిపోయిందని కోరలయ్య తెగ మురిసిపోయాడు. ఆ సాయంత్రం మూడు పల్లీపట్టీలు లాగించాడు.

వారం తిరక్కుండా చెంప ఉబ్బి ఒక కన్ను మూసుకుపోయింది. ఒళ్లు కాలిపోతోంది. అలాంటి ఒక పొద్దున, పొదలో చిరుత కదలడం మిగిలిన కంటితో చూశాడు. కింద చుక్కమ్మ అనే దుప్పి తన పిల్లతో మేస్తోంది. కేక వేద్దామని నోరు తెరవబోయాడు. దవడ తెరుచుకోలేదు. బంక పెట్టి అతికించినట్టు బిగుసుకుపోయింది. గొంతులో ఏదో గురగురమంది, అంతే.

ఏం చేస్తాడు పాపం. కొమ్మ వదిలేసి దుప్పుల మధ్యకు దూకాడు. ఆ చప్పుడుకు దుప్పులు చెదిరిపోయాయి. చిరుత పంజా చుక్కమ్మ తొడను చీరింది కానీ, తల్లీ పిల్లా ప్రాణాలతో బయటపడ్డారు. పైనుంచి గంతన్న కేకలు పెట్టి, గుంపును లేపి, కొమ్మలు విరిచి పడేసి చిరుతను తరిమాడు.

చుక్కమ్మ తొడ నుంచి నెత్తురు కారుతుంటే కోరలయ్య చూడలేకపోయాడు. తన బింకానికి ఆమె దెబ్బ తిన్నదని కుమిలిపోయాడు. పాక్కుంటూ ముళ్లవ్వ బొరియ దగ్గరికి వెళ్లాడు.

ముళ్లవ్వ తిట్టింది. తిడుతూనే పని మొదలుపెట్టింది.

"నొప్పి పోయిందని మురిశావా? పోయింది పంటి ప్రాణమయ్యా. తీపి అంటుకుని పంటికి చిల్లు పడింది. ఆ దారిన కుళ్లు వేరుదాకా దిగి చీము పట్టింది. చచ్చిన పన్ను నొప్పి చెప్పదు, చీము మాత్రం పాకుతూనే ఉంటుంది. ఇంకో రెండు రోజులైతే నీకు ఊపిరి ఆడేది కాదు."

ఆవిడ తన ముల్లు ఒకటి పీకి, ఉప్పునీళ్లతో కడిగి, చిగురు మీది గడ్డను పొడిచింది. చీము కారి దవడ వదులయ్యాక, తీగ బిగించి కోర పెరికేసింది. ఇది నేర్చినవాళ్లు చేసే పని, పుల్లలు పెట్టి కెలుక్కున్నారంటే చస్తారని చుట్టూ మూగినవాళ్లను కసిరింది. నేలవేము ఆకు ముద్ద ఏడు రోజులు మింగమంది. తీపి తింటే వెంటనే నోరు పుక్కిలించాలని, రెండు పూటలా వేపపుల్లతో తోముకోవాలని చెప్పింది. మూడోరోజుకే వాపు తగ్గేసరికి ఆ చేదు ఇక చాలన్నాడు కోరలయ్య. ఏడంటే ఏడేనంది ముళ్లవ్వ. ఈసారి ఆయన ఏడు రోజులూ మింగాడు.

నమలలేని ఆ రోజుల్లో చుక్కమ్మ కుంటుకుంటూ వచ్చి లేత చిగురాకులు తెచ్చిపెట్టింది. ఆయన తల దించుకుంటే, "నువ్వు దూకకపోతే నాకు బిడ్డ దక్కేది కాదన్నా" అంది. కోరలయ్యకు కన్నీళ్లు ఆగలేదు.

ఎనిమిదో రోజు ఆయన చెట్టెక్కాడు. నాయకుడి కొమ్మ మీద గంతన్న ఉన్నాడు. ఇన్నాళ్లూ కాపలా కాసి, మూడుసార్లు కేక వేసి దుప్పులను కాపాడింది వాడే. పోట్లాట ఖాయమని అందరూ బిక్కచచ్చిపోయారు. కోరలయ్య వాడి ఎదురుగా కూర్చుని, నోరు బార్లా తెరిచి, ఖాళీ చిగురు చూపించాడు.

"నా కోర పోయింది గంతన్నా. నువ్వే లేకపోతే ఎన్ని ప్రాణాలు పోయేవో. నీ మేలు ఈ జన్మకు మరిచిపోను. ఈ కొమ్మ కావాలంటే నువ్వే ఉంచుకో."

గంతన్న అటూ ఇటూ చూశాడు. మెల్లిగా దగ్గరికి జరిగి, తనూ నోరు తెరిచాడు. చూస్తున్నవాళ్లు అది సవాలే అనుకున్నారు. కానీ వాడు గుర్రుమనలేదు. వెనక దంతం ఒకటి వేలు పెట్టి చూపించాడు. దానికి నల్లగా చిల్లు పడి ఉంది.

"రెండు నెలల నుంచి ఒకటే పోటు మామా. నోరు తెరిస్తే తన్ని తరిమేస్తావని చెప్పలేదు."

కోరలయ్య వాడి భుజం మీద చెయ్యి వేసి కిందికి తీసుకువెళ్లాడు. ముళ్లవ్వ ముందు కూర్చోబెట్టి, వాడి తల తన ఒళ్లో పెట్టుకుని పట్టుకున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే, గుంపులో ఇంకో తొమ్మిదిమంది చెంపలు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు.

నీతి: పంటి నొప్పి మొదలైన రోజే చెప్పుకోవాలి, తగ్గిందనిపించినా వైద్యం చేయించుకోవాలి, పెద్దవాళ్లు తమ బాధ దాచుకోకుండా చెప్పుకుంటే చిన్నవాళ్లకూ చెప్పుకునే ధైర్యం వస్తుంది.