పటంలో నీలిరంగు

హైమావతి వేసిన పటాన్ని చూడటానికి హాస్టల్లో పక్క గదుల వాళ్ళు కూడా వచ్చేవారు. అలాంటి పటాన్ని ఆ ఎనిమిదో తరగతి పిల్లలు కన్నెత్తి చూడలేదు. పటం గోడకు తగిలించగానే తలలు దించుకున్నారు. అడిగితే జవాబు లేదు. గద్దిస్తే ఇంకా కిందికి చూశారు.

రాయలసీమలో ఒక చిన్న పట్నంలో బి.ఇడి. చదువుతోంది హైమావతి. తెనాలి వైపు పిల్ల. సీటు ఇక్కడ దొరికిందని ఇంత దూరం వచ్చింది. హైస్కూల్లో భూగోళం చెప్పే టీచరు కావాలని చిన్నప్పటి కోరిక. టీచింగ్ ప్రాక్టీసుకని ఊరి బయట, పెద్ద డ్యాముకు దగ్గరలో ఉన్న కాలనీ స్కూలుకు వేశారు. ఒకే అచ్చులో పోసినట్టు వరసలుగా సిమెంటు రేకుల ఇళ్ళు. డ్యాము పనివాళ్ళ క్వార్టర్లు కాబోలు అనుకుంది.

ఎల్లుండే ఫైనల్ పాఠం. బయటి ఊరి నుంచి పరీక్షాధికారి వస్తాడు. పాఠం పోతే ఏడాది పోయినట్టే. ఇంకో ఏడాది ఫీజు కట్టే స్తోమత ఇంట్లో లేదని నాన్న ముందే చెప్పాడు. ఆ మొద్దు పిల్లల ముందు తన భవిష్యత్తంతా పెట్టాల్సి వచ్చిందే అని ఆమె దిగులు.

పాఠ్యపథకం పట్టుకుని పీతాంబరం మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

భూగోళం ఎలా చెప్పాలో వాళ్ళకు నేర్పేది ఆయనే. వయసు మీద పడింది. పేర్లు నిలిచేవి కావు, అందుకని ఎవరినైనా అమ్మాయీ, అబ్బాయీ అనే పిలిచేవారు. పాఠాల పరిశీలనకు ఎప్పుడొస్తారో తెలియదు, వచ్చినా పెదవి విప్పరు. కాలేజీ పిల్లలు చాటుగా ఆయన్ని రుతుపవనం అనేవారు. ‘‘ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చిందంటే తడవక తప్పదు’’ అని నవ్వుకునేవారు.

మాస్టారు పాఠ్యపథకం చదువుతూ ఒకచోట వేలు ఆపారు. ‘పూర్వజ్ఞానం’ అన్న గడి అది. పాఠం మొదలుపెట్టక ముందు పిల్లలకు ఆ విషయం ఎంత తెలుసో టీచరు అందులో రాయాలి. ‘జలాశయం గురించి విద్యార్థులకు ఏమీ తెలియదు’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది.

‘‘ఇది వాళ్ళని అడిగి రాశావా అమ్మాయీ?’’

‘‘అడిగితే నోరు విప్పాలి కదండీ మాస్టారూ. అడివిలోంచి పట్టుకొచ్చినట్టు ఉన్నారు. పటం అంటేనే భయం వాళ్ళకి.’’

మాస్టారు కాగితాలు మడిచి ఆమె చేతికిచ్చారు. ‘‘రేపు నేనూ వస్తాను’’ అన్నారు. అంతే.

ఆ సాయంత్రం హైమావతి జలాశయానికి మరో పూత నీలం వేసింది. రెండు చార్టులు అతికించి వేసిన పెద్ద పటం. కొండలకు గోధుమరంగు, పొలాలకు ఆకుపచ్చ, మధ్యలో నెమలి మెడలాంటి నీలం. రేపు మాస్టారు కూడా మెచ్చుకుని తీరాలి అనుకుంది.

మర్నాడు వానాకాలపు ఉక్కపోత. పటం ఇంకా కాస్త తడితడిగానే ఉంది. మాస్టారు వచ్చి వెనక బెంచీలో పిల్లల మధ్య కూర్చున్నారు. హైమావతి కర్ర పట్టుకుని నిలబడింది.

‘‘పిల్లలూ, ఇదివరకు ఇక్కడ ఏముండేది? ఏమీ లేదు. రాళ్ళూ రప్పలూ తుమ్మచెట్లూ. ఇప్పుడు చూడండి, ఎంత అందమైన జలాశయమో.’’

పిల్లల తలలు ఒక్కటొక్కటిగా వాలిపోయాయి. ఈసారి చివరి బెంచీలో ఒకడు చెవులు కూడా మూసుకున్నాడు.

మాస్టారు లేచారు. నెమ్మదిగా ముందుకొచ్చి ఆమె చేతిలో కర్ర తీసుకున్నారు. దానితో ఏదో చూపించబోతున్నారనుకుంది. ఆయన దాన్ని కిటికీలో పెట్టేశారు.

‘‘కర్ర వద్దు. వేలితో చూపించండి. ఎవరి ఊరు ఎక్కడ?’’

ఎవరూ కదల్లేదు. ఆయన తొందరపెట్టలేదు. చివరికి ముందు బెంచీలోంచి సుంకమ్మ అనే పిల్ల లేచింది. పటం ముందుకు వచ్చి నిలబడి, తొలిసారిగా దాన్ని తేరిపార చూసింది. అంచున ఉన్న కొండ మీద వేలు పెట్టింది. కొండ దిగినట్టుగా ఆ వేలిని కిందికి జరుపుకుంటూ వచ్చి, నీలంలోకి దింపి, ఆపింది.

‘‘మాది ఈడ సార్. గొల్లమిట్ట.’’

హైమావతి చిన్నగా నవ్వింది. ‘‘అది నీళ్ళమ్మా. ఊరు కాదు. సరిగ్గా చూడు.’’

‘‘నీళ్ళే టీచర్. మాది ఈడనే.’’

హైమావతి మాస్టారి వైపు చూసింది. ఆయన పిల్ల వేలి వైపు చూస్తున్నారు. ‘‘గొల్లమిట్ట’’ అన్నారు, కొత్తమాట వల్లె వేసుకుంటున్నట్టు.

మద్దిలేటి లేచి వచ్చాడు. ‘‘మాది దీనికి ఎగువన సార్. తంగెడుపల్లె.’’ అతని వేలూ నీలంలోనే ఆగింది.

‘‘తంగెడుపల్లె’’ అన్నారు మాస్టారు.

‘‘అంత దూరం పెడితివేందిరా?’’ అంది సుంకమ్మ. ‘‘మీ ఊర్లో కోడి కూస్తే మాకు తెల్లారుతాండె. ఇట్ల జరుగు.’’

‘‘ఆ కోడిని కూసేదానికి మీవోళ్ళు బతకనిస్తే గదా. కోసుకోని తింటిరి.’’

వెనక బెంచీల్లోంచి నవ్వు వినబడింది. ఆ తరగతిలో నవ్వు వినడం హైమావతికి అదే మొదలు. ఇంకొకడు లేచాడు. ఇద్దరు లేచారు. బెంచీలు ఖాళీ అయ్యాయి. ఒకరి చేతుల కిందినుంచి ఒకరు దూరి, భుజాల మీదుగా వంగి వేళ్ళు పెడుతున్నారు. ‘‘ఏటి కవతల మాది.’’ ‘‘చేను ఈడ, ఇల్లు ఈడ.’’ ‘‘వాళ్ళ దేవళానికి కుడిపక్క.’’ ‘‘నీకు కుడి ఏదో ఎడమ ఏదో తెలిస్తే గదా.’’ ఒక్కో ఊరి పేరూ మాస్టారు మెల్లగా తిరిగి అంటున్నారు.

హైమావతి బల్ల అంచు పట్టుకుంది. ఒక్కళ్ళైనా, ఒక్కళ్ళైనా ఆ నీలానికి అవతల, ఆకుపచ్చలో వేలు పెడతారేమోనని చూసింది. పెట్టలేదు. కొంతసేపటికి జలాశయం కనబడలేదు. అన్నీ వేళ్ళే.

రాళ్ళూ రప్పలూ తుమ్మచెట్లూ. ఇన్నాళ్ళూ రోజూ వాళ్ళ మొహం మీద ఆ మాటే చెప్పింది.

అందరికంటే చివర నాగశేషమ్మ వచ్చింది. తరగతిలో అందరికంటే చిన్నది. వేలు నీలం మీద పెట్టింది, తీసింది. ఇంకోచోట పెట్టింది, తీసింది.

‘‘నాకు గుర్తు రాలేదు సార్’’ అంది.



‘‘ఊరు వచ్చేముందర ఏదో ఒకటి ఉండె సార్. ఎర్రగా. దాని మీద ఎక్కి కూచుంటాంటిమి. అదేందో...’’ ఆ పిల్ల వేలు మళ్ళీ నీలం మీద తచ్చాడింది. ‘‘మొన్నటి దాంక గుర్తుండె సార్.’’

మాస్టారూ ఏదో పేరు కోసం వెతుక్కుంటున్నట్టు కళ్ళు మూసుకున్నారు.

సుంకమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. ‘‘ఎర్రదిబ్బ గదనే. దాని పక్కనే మీ జొన్నపల్లె. మీ అవ్వ ఆడనే కూచోని ముంజలు అమ్ముతాండె, మతికి లేదా?’’ అని ఆ వేలిని తీసుకెళ్ళి ఒకచోట ఆనించింది.

బడి గంట కొట్టేదాకా నాగశేషమ్మ ఆ వేలు తీయలేదు.

పిల్లలు వెళ్ళిపోయారు. వెళుతూ వెళుతూ వేళ్ళు చూసుకున్నారు. ప్రతి వేలికీ నీలం అంటింది. పటంలో నీలం లేచిపోయిన చోటల్లా తెల్లటి వేలిముద్రలు మిగిలాయి. ఎన్నాళ్ళో కూర్చుని వేసిన పటం. రేపు ఫైనల్ పాఠం చెప్పాల్సిన పటం.

హైమావతి ఖాళీ తరగతిలో దాని ముందు కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది.

మాస్టారు స్కూలు డ్రాయింగు గదికి వెళ్ళి తిరిగి వచ్చారు. చేతిలో నీలిరంగు సీసా, కుంచె ఉన్నాయి. వాటిని ఆమె ముందు బల్ల మీద పెట్టారు.

‘‘రేపు పరీక్ష కదమ్మా. ఒక్క పూత వేస్తే చాలు, ఏమీ కనబడదు.’’

వెక్కిరింపు లేదు ఆ గొంతులో. నిజంగానే సాయం చేస్తున్నట్టు అన్నారు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

హైమావతి సీసా మూత తీసింది. కుంచె ముంచి పటం దగ్గరికి తెచ్చింది. కుంచె కొసన ఒక బొట్టు వేలాడుతోంది. దాని కింద, అన్నిటికంటే చిన్న ముద్ర. పక్కనే దాన్ని అక్కడికి నడిపించిన సుంకమ్మ వేలి చార.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. బొట్టు నేల మీద పడింది.

మూత బిగించి, కర్ర కిటికీలోనే వదిలేసి, పటం చుట్టి, సిరాకలం పట్టుకుని కాలనీ ఇళ్ళ వైపు పరుగులాంటి నడకతో బయల్దేరింది.

మర్నాడు పరీక్షాధికారి వచ్చాడు. పీతాంబరం మాస్టారు వెనక బెంచీలో కూర్చున్నారు. గోడ మీద అదే పటం. నీలంలో అవే ముద్రలు. ఒక్కో ముద్ర కింద సన్నటి నల్ల అక్షరాలతో ఒక్కో పేరు.

పరీక్షాధికారి పాఠ్యపథకం తిరగేస్తూ ఆగాడు.

‘‘పూర్వజ్ఞానం అన్నచోట ఏదో రాసి కొట్టేశారు. ఇప్పుడక్కడ ఏమీ లేదే. దీనికి మార్కులు పోతాయమ్మా.’’

‘‘తెలుసండీ’’ అంది హైమావతి. ‘‘ఇప్పుడు అడుగుతాను.’’

పిల్లల వైపు తిరిగింది. తలలన్నీ పైకే ఉన్నాయి.

‘‘నాగశేషమ్మా, మీ ఊరు చూపించు.’’

ఆ పిల్ల లేచి వచ్చింది. ఈసారి వెతుక్కోలేదు. నేరుగా వెళ్ళి వేలు ఆనించింది.

పరీక్షాధికారి కళ్ళజోడు సవరించుకుని ముందుకు వంగాడు. చిన్నగా నవ్వాడు.

‘‘అది నీళ్ళమ్మా. ఊరు కాదు.’’

హైమావతి ఉలిక్కిపడింది. అవి నిన్నటి తన మాటలే. వెనక బెంచీ వైపు చూసింది. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

‘‘నీళ్ళే సార్’’ అంది నాగశేషమ్మ, వేలు తీయకుండా. ‘‘కింద మా ఊరుంది.’’