పుచ్చిన వాసం కింద చెంబు

చినుకమ్మా చినుకమ్మా ఏడ దిగితివే
పెంకు సందున దూరి పడకింట దిగితివే
అత్త చూసెనంటే...

ఆ తర్వాతది నాకు రాదు. కలుపు తీసేటప్పుడు మా ఊరి ఆడపిల్లలం పాడుకునేవాళ్ళం. అత్త చూస్తే ఏమవుతుందో ఎప్పుడో మరిచిపోయాను. అయినా మబ్బు పడితే ఆ పాట దానంతటదే నోట్లోకి వస్తుంది. దాని వెనకే పీరప్ప సామి గుర్తొస్తారు.

ఊరి చివర పాత పెంకుటింట్లో ఉండేవారు ఆయన. తత్వాలు చెప్పేవారు. సామీ అన్నా పలికేవారు, తాతా అన్నా పలికేవారు. మనవరాలు పుట్టాక నేను అక్షరాలు దిద్దుకున్నది ఆయన దగ్గరే, ఆ ఇంటి ముందరి ఇసుకలో.

ఆ ఏడు నాకొక చిక్కు వచ్చింది.

నా కుక్క పేరు ఉలవ. ఉలవల రంగులో ఉండేది. నేను పూలు కట్టి అమ్ముతుంటే గంప పక్కనే పడుకుని, దారిన పోయేవాళ్ళ కాళ్ళు చూసేది. దానికి మూర్ఛ ఉండేది. ఉన్నట్టుండి పడిపోయి కాళ్ళు కొట్టుకునేది. కాసేపటికి లేచి, ఏమీ ఎరగనట్టు తోక ఊపేది. బతికినన్నాళ్ళూ మాత్ర వెయ్యాలన్నారు పశువుల డాక్టరు. మాత్రలవరకు ఎట్లాగో తెచ్చుకునేదాన్ని. రేపు ఆ మూర్ఛే ముదిరినా, ఇంకేదైనా పెద్దది వచ్చినా పట్నం ఆసుపత్రికి తీసుకుపోయే శక్తి నాకు లేదు. వైద్యం చేయించలేక దాన్ని పోగొట్టుకుంటానేమోనని నా భయం.

మద్దిలేటి అని బీమాలు చేయించే అతను ఉన్నాడు. అతనూ సామి శిష్యుడే. మనుషులకు, ఎనుములకు, మోటారుసైకిళ్ళకు చేయించేవాడు. "కుక్కలకు కూడా వచ్చిందవ్వా" అని రెండు కంపెనీల కాగితాలు తెచ్చాడు.

నేను వేలు పెట్టుకుని చదివేదాన్ని. తొందరగా చదివేవాళ్ళకు కనిపించనివి కూడా నా వేలికి తగులుతాయి. మొదటి కాగితంలో ఒక చోట వేలు ఆగిపోయింది. ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తించదు, అని ఉంది.

"అంటే ఏంది నాయనా?"

"మూర్ఛకు ఇయ్యరు. కాలు విరిగినా, విషం తిన్నా, కొత్తగా ఏ రోగమొచ్చినా ఇస్తారు. ముందు డాక్టరు చేత దాని జబ్బు రాయించుకుంటారు."

"నేను భయపడేదే మూర్ఛకు. అది తప్ప అన్నీ ఇస్తారా?"

"అందుకే రెండోది తెచ్చినా. వీళ్ళు డాక్టరు కాగితం అడగరు. జబ్బు ఉందా లేదా అని ఒక్క మాట అడుగుతారు. లేదని రాద్దాం. ఉలవ నోరు తెరిచి చెప్తుందా?"

ఉలవ అతని చెప్పు వాసన చూస్తోంది. చెప్పేటట్టేమీ లేదు.

నాకు రెండూ మింగుడు పడలేదు. మొదటిది తీసుకుంటే సగం గొడుగు పట్టుకున్నట్టు. రెండోది తీసుకుంటే ఉలవకు లేని ఆరోగ్యం నేను రాసినట్టు. సామినే అడుగుదామని ఉలవతో కలిసి ముగ్గురం బయలుదేరాం.

మృగశిర కార్తె రాబోతోంది. సామి ఇంటి పైన ఉసేని ఎక్కి ఉన్నాడు. ఏటా వానలకు ముందు వచ్చి పెంకులు సర్దిపోయేది అతనే. సామి అరుగు మీద కూర్చుని కొత్త పెంకులు ఒక్కొక్కటీ వేలితో కొట్టి, మోత వింటున్నారు.

నేను చెప్పిందంతా విన్నారు. మద్దిలేటి చెప్పిందీ విన్నారు.

"ఏది తీసుకోమంటారు సామీ?"

"ఎండ నడినెత్తికి వచ్చింది. తలుపులెయ్యి సుంకమ్మా. ఆ చీపురు తీసుకుని లోపలికి రా."

నేనూ మద్దిలేటీ ముఖాలు చూసుకున్నాం. అడిగిందేమిటి, చెప్పిందేమిటి. అయినా తలుపులూ కిటికీలూ మూశాను.

ఇల్లంతా చీకటైంది. చీకట్లో నేల మీద అక్కడొకటి ఇక్కడొకటి వెలుగు చుక్కలు లేచాయి. పెంకు పగిలిన చోటల్లా ఎండ కిందికి దిగింది. అన్నేళ్ళుగా ఆ ఇంటికి వస్తున్నాను, దాని తూట్లు ఇంత చక్కగా ఉంటాయని తెలియదు. ఉలవ ఒక చుక్కను కాలితో పట్టుకోబోయింది. చుక్క దాని కాలి మీదికెక్కింది.

"బల్ల ఎక్కు. వెలుగు దిగే సందు సందులోనూ చీపురుపుల్ల పైకి దూర్చు. పుల్ల కనబడితేనే ఉసేనికి పని తెలుస్తుంది."

తక్కువ ఎత్తు ఇల్లు, చెయ్యి అందింది. నేను తల పైకెత్తి వెతుకుతుంటే మద్దిలేటి నవ్వాడు.

"తిన్నింటి వాసాలు లెక్కపెడుతుండావా అవ్వా?"

"పెట్టనీలే," అన్నారు సామి. "పుచ్చిందేదో తెలుస్తుంది."

ఒక్కో పుల్ల దూరుస్తుంటే పైనుంచి ఉసేని "ఆ, కనబడె" అనేవాడు. పెంకు మారేది. నేల మీద చుక్క ఆరిపోయేది. అన్నీ అయ్యాక పడమటి గోడ పక్కన ఒక్క చుక్క మిగిలింది. దాని పైన వాసం పుచ్చిపోయి ఉంది. చేత్తో రాస్తే పొడి రాలింది. అక్కడ కదిలిస్తే కప్పే కూలుతుందని ఉసేని ఏటా చెప్పే మాటే. నేను బల్ల దిగిపోయాను.

"అది వదిలేస్తివే?"

"అది ఎట్లా బాగుకాదు కదా సామీ. చూపించి ఏం లాభం?"

సామి లేచారు. మోకాళ్ళు పట్టుకుని బల్ల ఎక్కారు. చీపురులోంచి అన్నిటికన్నా పొడుగు పుల్ల ఏరి, ఆ సందులో దూర్చారు.

పైన అడుగుల చప్పుడు అటే వస్తోంది. ఠక్కున ఆగింది.

"సామీ, ఇది నాతో కాదు," అన్నాడు ఉసేని. "వాసం పుచ్చింది."

"నాకు తెలుసులేరా. పైనుంచి తెలీక ఆడ కాలు పెడతావేమోనని చూపించినా."

పైన అడుగులు మెల్లగా వెనక్కి మళ్ళాయి.

సామి బల్ల దిగి, వంటింట్లోంచి ఇత్తడి చెంబు తెచ్చి ఆ వెలుగు చుక్క మీద పెట్టారు. తలుపులు తెరవమన్నారు. మళ్ళీ అరుగు మీదికి పోయి పెంకులు వాయించుకుంటూ కూర్చున్నారు. బీమా మాట ఎత్తనే లేదు.

తిరిగొచ్చే దారిలో మలుపు దగ్గర మద్దిలేటి జేబులోంచి కాగితాలు తీశాడు. రెండోదాన్ని నాలుగు మడతలు పెట్టి మళ్ళీ జేబులో వేసుకున్నాడు. మొదటిది నా చేతికిచ్చాడు.

"డాక్టరు దగ్గరికి రేపు పోదామా అవ్వా?"

"పోదాం. మూర్ఛ అని నేనే రాస్తాను. ఆ ఒత్తులు నాకు వచ్చు."

ఇంటికి వచ్చి అటక మీది పాత డబ్బా దించి కడిగాను. ఉలవ మూర్ఛ ఖర్చుకని పూలమ్మిన డబ్బులో రోజుకింత అందులో వేరుగా వేసుకుంటూ వచ్చాను.

శ్రావణంలో ఉలవను ఆటో కొట్టింది. వెనక కాలు విరిగింది. కాగితం చూసి కంపెనీవాళ్ళు ఒక్క ప్రశ్న వెయ్యలేదు. పట్నంలో కాలికి కట్టు కట్టించుకుని, బాడుగ కారు కిటికీలోంచి తల బయటపెట్టి, దొరసానిలాగా తిరిగొచ్చింది. మూర్ఛ తర్వాతా వచ్చేది. వచ్చినప్పుడు డబ్బా ఉండేది.

దాన్ని చూపిద్దామని సామి దగ్గరికి తీసుకుపోయాను. అప్పటికి ఆయన మంచం పట్టారు. బయట వాన దంచుతోంది. ఇల్లంతా పొడిగా ఉంది. పడమటి గోడ దగ్గర మాత్రం టప్పు టప్పుమని చెంబులో పడుతోంది. ఉలవ కుంటుకుంటూ పోయి ఆ చెంబులో నీళ్ళు తాగింది. ఆ చప్పుడుకు సామి కళ్ళు తెరిచి దాన్ని చూశారు, నవ్వారు. తర్వాత నా వైపు తిరిగారు. అప్పుడు అన్నదే నేను ఆయన నోట విన్న ఆఖరి మాట.

"ఆ చెంబు నిండినట్టుంది సుంకమ్మా. కనకాంబరం చెట్టుకు పోసిరా."